గరాజ్‌లో పుట్టిన విమానానికి తయారీదారు ఎవరు?

అమెరికాలో నమోదయ్యే ప్రతి విమానానికీ నిప్పుకు కరగని చిన్న లోహపు పలక ఒకటి బిగించి ఉండాలి. దాని మీద తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబరు చెక్కి ఉంటాయి. సెస్నా విమానం మీద సెస్నా పేరు, పైపర్ విమానం మీద పైపర్ పేరు ఉండడంలో వింతేమీ లేదు. ఓరెగాన్ రాష్ట్రంలోని వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ నుంచి చెక్కపెట్టెల్లో వచ్చిన భాగాలతో ఒక పళ్ల డాక్టరు నాలుగేళ్ల పాటు తన ఇంటి గరాజ్‌లో తయారు చేసుకున్న ఆర్‌వీ-7 విమానం పలక మీద మాత్రం తయారీదారుగా కనిపించేది ఆ పళ్ల డాక్టరు పేరే. డిజైన్ వ్యాన్స్ వారిది, రేకులు కోసింది వారు, రంధ్రాలు పొడిచింది వారు, బొమ్మలు గీసింది వారు. అయినా చట్టం దృష్టిలో వారు విడిభాగాలు అమ్మినవారు మాత్రమే, విమానం చేసినవారు కారు.

కిట్ విమానాల గురించి వినిపించే గందరగోళంలో చాలా భాగం ఈ పలక దగ్గర విడిపోతుంది. యాభై ఒక్క శాతం నిబంధన ఏమిటి, ప్రభుత్వం తనిఖీ చేసి కూడా లోపలికెక్కే చోట "ఎక్స్‌పెరిమెంటల్" అని ఎందుకు రాయిస్తుంది, మొదటి 25 లేదా 40 గంటలు ప్రయాణికులెవరినీ ఎక్కించుకోకూడదని ఎందుకు అంటుంది, కట్టుకున్నవాడికి దొరికే ఏటా తనిఖీ చేసుకునే హక్కు విమానంతోపాటు కొనుక్కున్నవాడికి ఎందుకు రాదు అనే ప్రశ్నలన్నీ విడివిడిగా చూస్తే తిక్క నిబంధనల్లా కనిపిస్తాయి. తయారీదారు బాధ్యత ఒక సంస్థ నుంచి ఒక మనిషికి మారింది అన్న ఒక్క సంగతిని పట్టుకుని చూస్తే అవన్నీ ఒకే తాడుకు వేసిన ముడులని తెలుస్తుంది.

మామూలు విమానాల సంగతి ముందు చూద్దాం. ఒక సంస్థ కొత్త విమానాన్ని అమ్మాలంటే ఆ డిజైన్ ఎంత బరువు మోయగలదో, ఎంత వేగంలో రెక్క విరగకుండా నిలుస్తుందో లెక్కలతోనూ పరీక్షలతోనూ ఎఫ్ఏఏ అనే విమానయాన పాలన సంస్థకు రుజువు చేసి టైప్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ తరువాత ఫ్యాక్టరీలో తయారయ్యే ప్రతి విమానమూ ఆమోదం పొందిన నమూనాకు అచ్చుగుద్దినట్టు సరిపోతోందని మరో వ్యవస్థ ద్వారా చూపించాలి. ఇంటి గరాజ్‌లో ఒకే ఒక్క విమానం కట్టుకునేవాడు ఈ ఖర్చు భరించడం కల్ల. అందుకే అమెరికా చట్టం అతనికి వేరే దారి వదిలింది. విమానంలో ప్రధాన భాగాన్ని, కేవలం తమ విద్య కోసమో వినోదం కోసమో పూనుకున్న వ్యక్తులు స్వయంగా తయారు చేసి కూర్చినట్లయితే దాన్ని అమెచ్యూర్ బిల్ట్ విమానంగా నమోదు చేయవచ్చు. ఈ వాక్యంలో విమానం మంచిదా కాదా అన్న ప్రశ్న లేదు. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అనే రెండు ప్రశ్నలే ఉన్నాయి.

ఈ దారి ఊరికే రాలేదు. 1930లలో నిబంధనలు బిగుసుకుపోయి ఇంట్లో కట్టిన విమానాలను దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ నేల మీదే నిలబెట్టేశాయి. వాటిని ఎగరనిచ్చిన రాష్ట్రంగా ఓరెగాన్ మిగిలింది. ఆ రాష్ట్రానికి చెందిన జార్జ్ బొగార్డస్ 1940ల చివర్లో "లిటిల్ జీ బీ" అనే తన బుల్లి ఒంటి సీటు విమానాన్ని దేశం ఈ చివర నుంచి ఆ చివరనున్న వాషింగ్టన్ నగరానికి నడుపుకుంటూ వెళ్లి, అధికారులకు దాన్ని చూపించి, ఇలాంటి వాటికి ఒక వర్గం కావాలని వాదించాడు. ఆ విమానం ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 1953లో పాల్ పొబరెజ్నీ విస్కాన్సిన్ రాష్ట్రంలో ఇంట్లో విమానాలు కట్టుకునేవారి కోసం ఈఏఏ అనే సంఘాన్ని స్థాపించాడు. 1970 నుంచి ఆ సంఘం ఆష్‌కాష్‌లో ఏటా వేసవిలో జరుపుతున్న విమానాల తిరునాళ్లకు నేటికీ వేల విమానాలు వచ్చి వాలుతుంటాయి.

ఇక యాభై ఒక్క శాతం. ఈ మాట చట్టంలో లేదు. "ప్రధాన భాగం" అన్న పదాన్ని జనం సగం కంటే ఎక్కువ అని అర్థం చేసుకుని, దానికి అంకె తొడిగారు. అయితే ఆ సగం దేనిలో సగం? గంటల్లో కాదు, బరువులో కాదు, డబ్బులో అసలే కాదు. పనుల్లో. రెక్కలో ప్రధాన దూలమైన స్పార్ తయారీ ఒక పని, పక్కటెముకల్లాంటి రిబ్‌ల తయారీ ఒక పని, వాటి మీద రేకు తొడగడం మరో పని, పెట్రోలు ట్యాంకు కూర్చడం ఇంకొకటి. ఇలాంటి పనుల పొడవాటి జాబితా ఒకటి ఎఫ్ఏఏ దగ్గర ఉంది. ఒక్కో పనిలో కిట్ సంస్థ చేసిందెంత, డబ్బిచ్చి చేయించుకున్నదెంత, కట్టుకునేవాడు తన చేతులతో చేసిందెంత అని వేరువేరు గడుల్లో భిన్నాలు వేసి చివరన కూడతారు. ఇంజిన్, ప్రొపెల్లర్, చక్రాలు, బ్రేకులు, నట్లు, బోల్టులు కొనుక్కున్నా ఈ లెక్కలోకి రావు, ఎందుకంటే వాటిని గరాజ్‌లో తయారు చేయమని ఎవరూ అడగరు. రంగు వేయించడం, సీట్లు కుట్టించడం కూడా ఎవరిచేతనైనా చేయించుకోవచ్చు.

పనుల లెక్క కావడం వల్ల ఒక విచిత్రం జరుగుతుంది. రెక్కలో ఇరవై ఎనిమిది రిబ్‌లు ఉంటే అన్నిటినీ మీరే చేయాలన్న పట్టు లేదు, ఆ పని మీకు వచ్చని చూపించేంత చేస్తే అందులో మీ వాటా మీకు వస్తుంది. చట్టం కోరింది శ్రమ కాదు, నేర్చుకోవడం. ఈ సందు వల్లే క్విక్‌బిల్డ్ కిట్లు పుట్టాయి. వాటిలో రెక్కలు, విమానం ఒంటి భాగం చాలా వరకు కూర్చి వస్తాయి, కానీ జాబితాలో గడులు నిండడానికి సరిపడేంత పని మిగిల్చి పంపుతారు. గ్లాస్‌ఎయిర్ సంస్థ వాషింగ్టన్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్‌లో దీన్ని ఇంకా దూరం తీసుకెళ్లి, కొనుగోలుదారుడు రెండు వారాలు తమ ప్రాంగణానికి వచ్చి పనిచేస్తే విమానం చక్రాల మీద కదిలే స్థితికి చేరేలా ఒక కార్యక్రమం నడిపింది, ఎఫ్ఏఏ దాన్ని ఒప్పుకుంది కూడా. అది అక్షరానికి కట్టుబడి ఉండవచ్చు కానీ బొగార్డస్ అడిగింది అది కాదేమోనని నాకు అనిపిస్తుంది. మరోపక్క, డబ్బిచ్చి మొత్తం విమానాన్ని వేరొకరిచేత కట్టించుకుని, పలక మీద తన పేరు వేసుకునేవారు చేసేది చట్టాన్ని వంచడం కాదు, అబద్ధపు ప్రమాణపత్రం మీద సంతకం పెట్టడం.

సంవత్సరాల తరబడి గరాజ్‌లో జరిగేది నిజంగా ఏమిటి? ఆర్‌వీ శ్రేణినే తీసుకుంటాను, ఎందుకంటే ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా కట్టిన కిట్ విమానాలు అవే. రిచర్డ్ వ్యాన్‌గ్రన్‌స్వెన్ 1973లో స్థాపించిన సంస్థ డిజైన్లతో ఇప్పటికి 11,000కు పైగా విమానాలు గాల్లోకి లేచాయి. మొదట వచ్చేది తోక భాగం పెట్టె. దీనికి కారణం ఉంది. తోక చవక, చిన్నది, అందులో రెక్కలో చేయాల్సిన పనులన్నీ చిన్న కొలతలో ఉన్నాయి. ఇది మన చేతులకు కుదిరే పనేనా కాదా అన్నది దానితో తేలిపోతుంది. కుదరనివారు అక్కడితో ఆపేస్తారు, కాబట్టి సగం చేసిన తోకలు సెకండ్ హ్యాండ్‌లో ఎప్పుడూ దొరుకుతూనే ఉంటాయి.

రేకు చూడటానికి మామూలు అల్యూమినియంలా ఉంటుంది. నిజానికి అది రాగి కలిసిన గట్టి మిశ్రలోహం, దాని రెండు వైపులా శుద్ధ అల్యూమినియం పొర పలచగా పూసి ఉంటుంది. గట్టిదనం లోపలి లోహానిది, తుప్పు పట్టకుండా కాచేది పై పొర. అందుకే పెన్సిల్‌తో కాదు, షార్పీ పెన్నుతోనే దాని మీద గీతలు గీస్తారు. పెన్సిల్ గ్రాఫైట్ అల్యూమినియాన్ని తినేస్తుంది. ప్రతి రంధ్రం అంచునా డ్రిల్లు వదిలిన గరుకును గీకి తీయాలి, ప్రతి రేకు అంచునూ ఆకురాయితో నున్నగా చేయాలి. ఇదంతా అందం కోసం కాదు. ఏళ్ల తరబడి ఇంజిన్ అదురుకు లోహం అలిసిపోయినప్పుడు పగులు మొదలయ్యేది ఆ గరుకు దగ్గరే. వేల రంధ్రాలు, ఒక్కో రంధ్రానికి రెండు వైపులా గీకడం. ఈ పని కట్టుకునేవాడి ఓపికను పరీక్షిస్తుంది. విమానం కట్టడమంటే గొప్ప సాంకేతిక విద్య అనుకుని మొదలుపెట్టేవారు నెలలో అది ముప్పాతిక వంతు గీకుడు పనేనని గ్రహిస్తారు.

ఆ తరువాత రివెట్లు, అంటే రేకులను శాశ్వతంగా కలిపి పట్టే లోహపు మేకులు. పెట్టె మీద ఏఎన్426ఏడీ3-4 అని రాసి ఉంటుంది. 426 అంటే తల రేకుతో సమంగా కూర్చునే రకం, ఏడీ అంటే మిశ్రలోహం పేరు, 3 అంటే మందం అంగుళంలో ముప్పై రెండో వంతుల్లో, 4 అంటే పొడవు పదహారో వంతుల్లో. తల లోపలికి దిగడానికి రేకును ముందే 100 డిగ్రీల కోణంలో గుంటలా నొక్కుతారు, దాన్ని డింపుల్ చేయడం అంటారు. రేకులన్నీ ముందు క్లీకోలు అనే స్ప్రింగు మేకులతో తాత్కాలికంగా బిగించి, అంతా కుదిరిందని చూసుకున్నాక ఒక్కొక్క క్లీకోనీ తీసి ఆ చోట రివెట్ పెడతారు. బయట నుంచి ఒకరు గాలి తుపాకీతో రివెట్ తల మీద కొడుతుంటే లోపలి నుంచి ఇంకొకరు బక్కింగ్ బార్ అనే బరువైన ఉక్కు దిమ్మెను రివెట్ తోకకు ఆనించి పట్టుకోవాలి. ఆ తోక అణగి గుండీలా విప్పారాలి. వెడల్పు రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం. ఆ కొలతకు రేకుతో చేసిన చిన్న గేజీలు దొరుకుతాయి, ప్రతి వరసకూ దాన్ని ఆనించి చూస్తారు.

డాలస్ శివారులో మా మిత్రుడి గరాజ్‌లో ఒక శనివారం నేను బార్ పట్టుకున్నాను. విమానం ఒంటి వెనక భాగంలో తల మాత్రమే పట్టే సందులో పడుకుని, చెవులకు అడ్డాలు పెట్టుకుని, అతను కొట్టే దెబ్బకు చెయ్యి జలదరిస్తుంటే మూడో గంటలో నా బార్ ఒక్క వెంట్రుకవాసి జారింది. "ఆపరా, జారింది!" అని అరిచేలోపే బయట తుపాకీ కూడా పక్కకు జరిగి రేకు మీద చంద్రవంకలాంటి నొక్కు పడింది. ఈ పని చేసేవారు దాన్ని స్మైలీ అంటారు. అతను దాన్ని చూసి ఏమీ అనలేదు, ఫోటో తీసి లాగ్‌బుక్కులో తేదీ వేసి రాసుకున్నాడు. వంకర పోయిన రివెట్‌ను తొలిచి తీయబోయాడు కానీ పక్కన నిలబడ్డ అనుభవజ్ఞుడు ఆపాడు. కొంచెం వంకరపోయినదాన్ని అలాగే ఉంచడం, తొలిచే ప్రయత్నంలో రంధ్రాన్ని పెద్దది చేసి పాడు చేయడం కంటే చాలాసార్లు మేలు. ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్న ఈ తీర్పు ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరుది. గరాజ్‌లో ఆ ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చునేది తప్పు చేసినవాడే.

అన్ని కిట్లూ రేకువి కావు. ఐడహోలో పుట్టిన కిట్‌ఫాక్స్ లాంటి వాటిలో ఉక్కు గొట్టాలను వెల్డింగు చేసిన చట్రం మీద పాలియెస్టర్ గుడ్డ అంటించి, ఇస్త్రీపెట్టెతో వేడి చేసి తప్పెట చర్మంలా బిగిస్తారు. ఆ ఇస్త్రీపెట్టె వేడిని థర్మామీటరుతో సరిచూసుకోవాలి, ఎక్కువైతే గుడ్డ బలం పోతుంది. బర్ట్ రూటన్ 1970లలో మొజావే ఎడారిలో వేరీఈజీ, లాంగ్‌ఈజీ విమానాలతో మరో పద్ధతి తెచ్చాడు. థర్మోకోల్ లాంటి దిమ్మెలను వేడి తీగతో రెక్క ఆకారంలో కోసి, వాటి మీద గాజునారను ఎపాక్సీతో పొరలు పొరలుగా పరవడమే ఆ పద్ధతి, అచ్చులు అక్కర్లేదు. ఆ పద్ధతికి మన దేశంతో నిజమైన సంబంధం ఉంది. బెంగళూరులోని ఎన్ఏఎల్ ప్రయోగశాల 1980లలో చేసిన కాంపోజిట్ పరిశోధన విమానానికి ఆధారం రూటన్ లాంగ్‌ఈజీయే.

డబ్బు, కాలం అనే రెండు లెక్కలు ఉన్నాయి, మొదటిదాన్ని అందరూ తక్కువగా వేసుకుంటారు, రెండోదాన్ని ఇంకా తక్కువగా వేసుకుంటారు. మామూలు ఆర్‌వీ కిట్‌కు 1,500 నుంచి 2,000 గంటలు పడుతుందని చెబుతారు. వారానికి పది గంటలు కేటాయిస్తే అది మూడు నాలుగేళ్లు. పెళ్లిళ్లు, పురుళ్లు, ఉద్యోగ మార్పులు ఆ మధ్యలోనే వస్తాయి కాబట్టి పదేళ్లు దాటినవీ చాలా ఉన్నాయి. కొత్త లైకమింగ్ ఇంజిన్ కిట్ కంటే ఎక్కువ ఖరీదు కావడం ఈ రంగంలో మామూలు విషయం. ఇక పెట్టెలో వచ్చిన భాగం తప్పుదైతే? 2023లో వ్యాన్స్ సంస్థ సరఫరా చేసిన కొన్ని భాగాల్లో లేజర్‌తో కోసిన రంధ్రాలు డింపుల్ చేసేటప్పుడు పగుళ్లిస్తున్నాయని బయటపడింది. అదే సంవత్సరం డిసెంబరులో సంస్థ దివాలా రక్షణ కోరి కోర్టుకు వెళ్లింది, 2024లో దాని నుంచి బయటపడింది. సంస్థ భాగాలు మార్చి ఇవ్వగలదు. అప్పటికే రెక్కలో మూసేసిన రిబ్‌ను తొలిచి తీసి మళ్లీ కట్టాలా, అలాగే ఉంచాలా అన్నది తేల్చుకోవలసింది మాత్రం పలక మీద పేరున్నవాడే.

తయారీదారు అయినందువల్ల వచ్చే హక్కు కూడా ఉంది. టైప్ సర్టిఫికెట్ ఉన్న విమానంలో ఒక దీపం మార్చాలన్నా ఆమోదం పొందిన భాగం కావాలి. అమెచ్యూర్ బిల్ట్ విమానంలో కట్టేవాడు స్విచ్‌లు ఎక్కడ పెట్టుకున్నా, ఏ కంపెనీ తెర పెట్టుకున్నా, వేరే ఇంజిన్ తగిలించినా అది అతని ఇష్టం. ఈ స్వేచ్ఛ వల్లే చవకైన కంప్యూటరు తెరలు, గాలికి రెక్క ఎంత కోణంలో ఉందో చెప్పే పరికరాలు ముందు ఈ విమానాల్లోకి వచ్చి, తరువాత ఫ్యాక్టరీ విమానాల్లోకి పాకాయి. ఆ స్వేచ్ఛకు రెండో ముఖం 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలో మాంటెరే తీరం దగ్గర కనిపించింది. గాయకుడు జాన్ డెన్వర్ తాను కొత్తగా కొనుక్కున్న పాత లాంగ్‌ఈజీలో వెళ్తూ సముద్రంలో కూలి చనిపోయాడు. ఎడమ ట్యాంకు, కుడి ట్యాంకుల మధ్య ఇంధనాన్ని మార్చే మీటను రూటన్ తన డిజైన్‌లో పైలట్ కాళ్ల మధ్య పెట్టాడు. ఆ విమానాన్ని కట్టిన వ్యక్తి మాత్రం దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక గోడ మీద అమర్చాడు, దాని మీద గుర్తులు కూడా లేవు. పెట్రోలు గొట్టాలు కాక్‌పిట్‌లోకి రాకూడదన్నది అతని ఆలోచన, అది మరీ తెలివితక్కువ ఆలోచనేమీ కాదు. కానీ సీట్లో కూర్చున్న మనిషి కుడిచేత్తో ఎడమ భుజం వెనక్కి అందుకోబోతే ఒళ్లు మొత్తం తిరుగుతుంది, కుడి కాలు తనంతట తనే విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ పెడల్‌ను తొక్కుతుంది. ప్రమాదాన్ని పరిశోధించిన అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ దాదాపు ఇదే జరిగిందని తేల్చింది. కట్టినవాడికి ఆ మీట ఎక్కడుందో కళ్లు మూసుకున్నా తెలుసు, కొన్నవాడికి తెలియదు.

మరి ప్రభుత్వ తనిఖీ ఏం చూస్తుంది? విమానం పూర్తయ్యాక ఎఫ్ఏఏ అధికారి గానీ ఆ సంస్థ నియమించిన డార్ అనే ప్రతినిధి గానీ వచ్చి, మూతలన్నీ తీసి ఉంచిన విమానం చుట్టూ తిరిగి, నియంత్రణలు సరైన దిక్కుకే కదులుతున్నాయా, బోల్టులకు తాళాలు పడ్డాయా, కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని చూస్తాడు. రెండేళ్ల క్రితం రివెట్ వేసి మూసిన రెక్క లోపలికి అతను చూడలేడు. అందుకే కట్టేటప్పుడు తీసిన ఫోటోలు, తేదీలతో ఉన్న లాగ్‌బుక్కు కీలకం. అది మీరే చేశారనడానికి సాక్ష్యం, ఎలా చేశారనడానికీ అదే సాక్ష్యం. ఈఏఏ సంఘం స్వచ్ఛంద సలహాదారులు మధ్య మధ్యలో గరాజ్‌కు వచ్చి చూసి వెళ్తుంటారు. ఆ సలహా తీసుకోవాలన్న చట్టమేమీ లేదు. బ్రిటన్‌లో ఈ పని వేరేగా ఉంటుంది. అక్కడ ఎల్ఏఏ అనే సంఘం ఇన్‌స్పెక్టర్లు నిర్మాణంలో ఒక్కో దశ పూర్తయ్యాక సంతకం పెడితేనే తరువాతి దశ.

డార్ సంతకం పెట్టాక వచ్చేది పూర్తి అనుమతి కాదు, పరీక్షకు అనుమతి. ఇంజిన్, ప్రొపెల్లర్ రెండూ కలిపి ముందే ఆమోదం పొందిన జత అయితే 25 గంటలు, కాకపోతే 40 గంటలు ఒక నిర్ణీత ప్రాంతంలోనే ఎగరాలి. దీన్ని ఫేజ్ వన్ అంటారు. ఇటీవల గంటలకు బదులు పరీక్షల జాబితాను పూర్తి చేసే మార్గం కూడా తెరిచారు. మొదటిసారి ఎగరడానికి ముందే నేల మీద చేయవలసినవి చాలా ఉన్నాయి. మూడు చక్రాల కింద మూడు తూనికలు పెట్టి బరువు కొలిచి, బరువు ఎక్కడ కేంద్రీకృతమైందో లెక్కగట్టాలి. తోక వైపు మొగ్గిన విమానం గాల్లో కుదురుగా నిలవదు. ముక్కును టేకాఫ్‌లో లేచే కోణంలో ఎత్తి నిలబెట్టి, ఇంజిన్‌కు పూర్తి శక్తిలో కావలసిన ఇంధనం కంటే గొట్టాల్లో పంపుతో 125 శాతం, పంపు లేకుండా పైనుంచి పారేదైతే 150 శాతం వస్తోందా అని బకెట్‌లో పట్టి చూడాలి. ఈ పరీక్షను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కొత్త విమానంలో మొదటి కొన్ని నిమిషాల్లో ఇంజిన్ ఆగిపోవడానికి ఇంధన వ్యవస్థే తరచూ కారణం కాబట్టి నా దృష్టిలో గరాజ్‌లో చేసే పరీక్షలన్నిటిలోకీ ఇది ముఖ్యమైనది. గంటలు పూర్తయ్యాక, ఈ విమానం మామూలు వేగాలన్నిటిలోనూ మాట వింటుంది, ప్రమాదకరమైన గుణాలేవీ లేవు అని లాగ్‌బుక్కులో రాసి సంతకం పెట్టేది కూడా ప్రభుత్వం కాదు, కట్టినవాడే. ఆ తరువాత స్నేహితులను ఎక్కించుకోవచ్చు. అయితే ఇది మామూలు విమానాల భద్రతా నిబంధనలకు లోబడినది కాదన్న హెచ్చరిక ఎక్కేవారి కళ్లెదుట ఉండాలి, వారి నుంచి కిరాయి తీసుకోకూడదు.

ఇవన్నీ ఉన్నా ప్రమాదాల లెక్క హాయిగొలిపేది కాదు. 2012లో ఎన్‌టీఎస్‌బీ ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2011లో అమెరికా సొంత, చిన్న విమానాల్లో ఈ వర్గం దాదాపు 10 శాతం. ప్రమాదాల్లో మాత్రం దాని వాటా 15 శాతం, మరణాలు సంభవించిన ప్రమాదాల్లో 21 శాతం. దీన్ని చూసి గరాజ్‌లో వేసిన రివెట్లు ఊడిపోతున్నాయని అనుకోవడం తప్పు. ఎక్కువ కనిపించినవి ఇంజిన్ వైఫల్యాలు, గాల్లో అదుపు తప్పడాలు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మరో అంశం. ఆ ఏడాది పరిశోధించిన ప్రమాదాల్లో సగానికి పైగా, కట్టినవారి చేతుల్లో కాక కొనుక్కున్నవారి చేతుల్లో జరిగాయి. డెన్వర్ కథ ఒంటరి ఉదంతం కాదన్నమాట. కట్టినవాడు విమానంతోపాటు తన తలలో ఒక జ్ఞానాన్ని కూడా కట్టుకుంటాడు, అది అమ్మకంలో చేతులు మారదు.

మన దగ్గర సంగతి ఏమిటని హైదరాబాదు మిత్రులు అడుగుతుంటారు. కిట్ తయారీ మనకు కొత్త కాదు. ఫ్రాన్స్ నుంచి వచ్చి స్థిరపడిన జోయెల్ కోష్లిన్ 1980లో బెంగళూరులో ప్రారంభించిన రాజ్‌హంస సంస్థ ఎక్స్-ఎయిర్ అనే గుడ్డ రెక్కల తేలికపాటి విమానాలను కిట్లుగా విదేశాలకు పంపింది. వాటిలో ఒక రకం పేరు హనుమాన్. కట్టుకుని నమోదు చేసుకోవడంలోనే చిక్కంతా. ముంబయి కాందివలిలో తమ ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానాన్ని సొంత డిజైన్‌తో కట్టిన పైలట్ అమోల్ యాదవ్ 2016లో దాన్ని మేకిన్ ఇండియా ప్రదర్శనలో జనానికి చూపించాడు. నమోదు సంఖ్య 2017లో వచ్చింది, ఎగరడానికి అనుమతి 2019లో. అతనిది కిట్ కాదు, కష్టం ఇంకా పెద్దది, కానీ వ్యక్తి ఒకడు తయారీదారు కావచ్చునా అన్న ప్రశ్నే అక్కడ కూడా ఏళ్ల తరబడి నలిగింది. అమెరికాలో ఈ హాబీ బతకడానికి చట్టంతోపాటు మరో కారణం, ప్రజలందరూ వాడుకోగల సుమారు 5,000 విమానాశ్రయాలు. హైదరాబాదు దగ్గరి నాదర్‌గుల్ లాంటి చిన్న రన్‌వేలు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో కారుకు గీసిన గడిలో ఆర్‌వీ తోక పడుతుంది, రెక్కలు పట్టవు.

విమానాన్ని అమ్మేటప్పుడు ఈ తాడు చివరి ముడి కనిపిస్తుంది. కట్టినవాడికి ఎఫ్ఏఏ ఇచ్చే రిపేర్‌మన్ సర్టిఫికెట్‌తో ఏటా చేయవలసిన తనిఖీని తనే చేసి సంతకం పెట్టుకోవచ్చు. ఆ కాగితం ఆ మనిషికి, ఆ ఒక్క విమానానికి మాత్రమే చెల్లుతుంది. కొన్నవాడు ఆయిల్ మార్చుకోవచ్చు, భాగాలు మార్చుకోవచ్చు, ఏడాదికొకసారి తనిఖీకి మాత్రం కట్టినవాడి కాగితం అతనికి పనికిరాదు. పలకను మాత్రం ఎవరూ మార్చరు. మా మిత్రుడు తన విమానాన్ని ఎప్పటికీ అమ్మనంటాడు, కారణం అడిగితే రంగు కింద దాగిన ఆ చంద్రవంక నొక్కు ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తాడు. కొనేవాడికి అది తెలియదు, లాగ్‌బుక్కులో ఆ పేజీ తిప్పితే తప్ప.